మొదట కప్పు, ఆ తర్వాతే గోడ

ఏప్రిల్ చివరి వారంలో మిట్టమధ్యాహ్నం పెనుకొండలో ఎండలో నిలబడితే మనిషి నీడ కాళ్ల కిందే ఇమిడిపోతుంది. హిందూపురం 13.8, పెనుకొండ 14.1, ధర్మవరం 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మీద ఉన్నాయి. ఉత్తరానికి జరుగుతున్న సూర్యుడు ఏప్రిల్ 27, 28, 29 తేదీల్లో ఒక్కో ఊరి నడినెత్తి మీదుగా పోతాడు. ఆగస్టు నడుమ తిరిగొస్తూ మరోసారి పోతాడు. ఈ రెంటి మధ్య మధ్యాహ్నం వేళ ఆయన మనకు కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అందువల్ల మే నెలలో దక్షిణపు గోడ మీద నేరుగా ఎండ పడదు. తూర్పు గోడకు పొద్దుటి ఎండ, పడమటి గోడకు సాయంత్రపు ఎండ తగులుతాయి. కప్పుకు మాత్రం పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకే దాకా విరామం లేదు.

నడినెత్తి సూర్యుడి నుంచి చదరపు మీటరుకు దాదాపు 1,000 వాట్ల శక్తి దిగుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది కప్పు తొమ్మిది చదరపు మీటర్ల పైమాటే. తొమ్మిది ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి కాల్చి మిద్దె మీద బోర్లించినట్టు అనుకోండి. ఇంటి ప్లాను గీయించేటప్పుడు కిటికీలు ఎటు, గుమ్మం ఎటు అని గంటలు మాట్లాడుకుంటాం. కప్పు సంగతి ‘శ్లాబు వేసేద్దాం’ అన్న ఒక్క మాటతో తేలిపోతుంది. సీమలో మట్టి మిద్దెలు కట్టుకున్నవాళ్లు ఇంటి ఖర్చులోనూ ఏటేటా చేసే చాకిరీలోనూ పెద్ద వాటా కప్పుకే పెట్టారు. ఆ లెక్క వెనకున్న భౌతికశాస్త్రం ఇప్పటి కాంక్రీటు ఇంటికీ పనికొస్తుంది.

ఊరిని బట్టి ఇల్లు

ఈ మూడూళ్లూ బెంగళూరు రైలు మార్గం మీద వరసగా ఉన్నాయి. 2022 ఏప్రిల్‌ నుంచి మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలోవే. ధర్మవరం సముద్రమట్టానికి దాదాపు 350 మీటర్ల ఎత్తున ఉంటే హిందూపురం 620 మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు పైకి పోతే గాలి ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది కాబట్టి, ధర్మవరంలో 40 డిగ్రీలు కాచిన రోజు హిందూపురంలో ఇంచుమించు 38 ఉంటుంది. ఆ తేడా అటుంచితే మిగతా లక్షణాలు ఒకటే. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసేది 550 మిల్లీమీటర్ల దరిదాపు. వేసవిలో గాలి పొడిగా ఉంటుంది. మే నెలలో పగలు సగటున 39 డిగ్రీలకు ఎక్కిన పాదరసం తెల్లవారుజాముకు 26 దాకా దిగుతుంది.

పొడి గాలి, తక్కువ వాన, పగటికీ రాత్రికీ పదమూడు డిగ్రీల తేడా. ఇక్కడి పాత ఇల్లు ఈ మూడింటి మీద కట్టింది. వాన తక్కువ కాబట్టి కప్పు చదునుగా ఉన్నా చెల్లింది. రాత్రి చల్లన కాబట్టి గోడలు మందంగా ఉండటం లాభించింది. గోదావరి జిల్లాల్లో ఈ ఇల్లు నడవదు. అక్కడ వాన కుండపోత, రాత్రీ ఉక్కపోతే. అందుకే ఏటవాలు పెంకుల కప్పులు, మండువా లోగిళ్లు, గాలి అటునుంచి ఇటు దూసుకుపోయే వసారాలు వచ్చాయి. ‘సంప్రదాయ తెలుగు ఇల్లు’ అని పత్రికల్లో కనిపించే మండువా బొమ్మను తెచ్చి ధర్మవరంలో కట్టుకుంటే ముచ్చట తీరుతుందేమో గానీ వేడి తీరదు.

పొలానికి చేటు, మిద్దెకు మేలు

మట్టి మిద్దె కప్పును పొరలు పొరలుగా చూడాలి. రాతి, మట్టి గోడల మీద అడ్డంగా దూలాలు. వాటి మీద దంతెలు. దంతెల మీద ఎడం లేకుండా పుల్లలూ కంపా. ఆపైన ఆకూ అలమూ పరిచి, తడి మట్టి మెత్తి, జానెడుకు తగ్గకుండా మందం తెస్తారు. అన్నిటికన్నా పైన చౌడు. వానాకాలానికి ముందు చౌడు మట్టి తెచ్చి మిద్దె మీద పోసి, చదును చేసి, నీళ్లు దోనె వైపు జారేలా వాటం పెట్టడం సీమ పల్లెల్లో ఏటేటా ఉండే పని.

చౌడు నేలలో పంట రాదు. మరి అదే మట్టి కప్పు మీద వాన నీటిని ఎలా ఆపుతుంది? రెండింటికీ కారణం సోడియమే. బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. మామూలు నేలలో కాల్షియం అయాన్లు రెండేసి ధనావేశాలతో ఆ రేణువులను దగ్గరికి లాగి చిన్నచిన్న గడ్డలుగా పట్టి ఉంచుతాయి. గడ్డల మధ్య సందుల్లోంచి నీరు ఇంకుతుంది. చౌడులో కాల్షియం జాగాను సోడియం ఆక్రమించి ఉంటుంది. ఒక్క ధనావేశంతో, చుట్టూ నీటి పొర కప్పుకుని ఉండే సోడియం రేణువులను పట్టి ఉంచలేదు. తడి తగలగానే అవి విడిపోయి, కొట్టుకుపోయి, సందులన్నీ పూడ్చేస్తాయి. ఇక నీరు కిందికి దిగదు. పొలంలో దీన్ని విరగ్గొట్టడానికి రైతు జిప్సం చల్లుతాడు, అంటే సోడియాన్ని వెళ్లగొట్టి కాల్షియాన్ని తిరిగి తెస్తాడు. మిద్దె మీద మాత్రం నీరు దిగని గుణమే కావాలి. సిమెంటు, తారు లేని కాలంలో ఊరి బయట ఉచితంగా దొరికిన వాటర్‌ప్రూఫింగ్ అది.

వేడి ఎప్పుడు చేరుతుంది?

కప్పు పైన పడ్డ వేడి కింది వైపుకు చేరడానికి సమయం పడుతుంది. ఎంత సమయం పడుతుందన్నది పదార్థం వేడిని ఎంత వేగంగా పంపుతుంది, తనలో ఎంత దాచుకుంటుంది, ఎంత మందం ఉంది అన్న మూడింటి మీద ఆధారపడుతుంది. ప్రయాణం పొడవయ్యే కొద్దీ వేడి పదును కూడా తగ్గుతుంది. మన దేశపు నిర్మాణ ప్రమాణాల ప్రకారం ఉష్ణవాహకత పచ్చి ఇటుకకు 0.75, కాల్చిన ఇటుకకు 0.81, ఇనుము వేసిన కాంక్రీటుకు 1.58. ఒకే మందం తీసుకుంటే కాంక్రీటు మట్టికి రెట్టింపు వేడిని లోపలికి పంపుతుంది.

ఈ అంకెలతో స్థూలంగా లెక్క వేస్తే ఐదంగుళాల శ్లాబులోంచి వేడి మూడు గంటల్లో కిందికి చేరుతుంది. పై ముఖం మీది ఎగుడుదిగుళ్లలో దాదాపు 44 శాతం లోపలి ముఖం మీద కనిపిస్తుంది. అడుగు మందం మట్టి కప్పులో అదే వేడికి పది గంటలు పడుతుంది. లోపలికి చేరేది 8 శాతం లోపే. గోడల విషయానికొస్తే నాలుగంగుళాల ఇటుక గోడ మూడు నాలుగు గంటలు ఆపితే, తొమ్మిదంగుళాల గోడ ఏడెనిమిది గంటలు ఆపుతుంది. అడుగున్నర మట్టి గోడ పద్నాలుగు పదిహేను గంటలు ఆపుతుంది. రేకుల షెడ్డుకు ఈ లెక్క అక్కర్లేదు, నిమిషాల్లో పని అయిపోతుంది.

రాయి సంగతి వేరే చెప్పుకోవాలి. హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల నల్లరాతికి కొదవ లేదు. రాతి కూసాలు నిలబెట్టి, బండలు పరిచిన కప్పులు ఈ వైపు చాలా కనిపిస్తాయి. గ్రానైటు వేడిని మట్టికన్నా మూడు నాలుగు రెట్లు జోరుగా పంపుతుంది. కాబట్టి వట్టి బండ కప్పు కింద ఇల్లు కాలుతుంది. పైన మట్టో, సున్నంతో కలిపిన ఇటుక ముక్కలో మందంగా పరిస్తేనే బండ ఇల్లు చల్లబడుతుంది. గోడలో మాత్రం రాయి బాగా పనిచేస్తుంది, రెండడుగుల మందం ఉంటే. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజుల రాజధాని పెనుకొండకు మారింది. అక్కడ మిగిలిన గగన్‌మహల్‌లోకి మే నెల మధ్యాహ్నం అడుగుపెడితే మందపాటి గోడలు, సున్నపు పూత ఏం చేస్తాయో చర్మానికే తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మధ్యాహ్నం పన్నెండుకు మట్టి మిద్దె మీద పడ్డ వేడి పది గంటల తర్వాత, అంటే రాత్రి పదికి, లోపలికి దిగుతుంది. నిద్రపోయే వేళకు సరిగ్గా! పాతవాళ్లకు ఇది సమస్య కాలేదు. ఆ వేళకు ఇంటిల్లిపాదీ మిద్దె మీద మంచాలు వేసుకుని ఉండేవాళ్లు. పొడిగా, మబ్బు లేకుండా ఉన్న ఆకాశం కింద మిద్దె పై ముఖం తన వేడిని పరారుణ కిరణాలుగా పైకి వదులుతుంది. అలాంటి రాత్రి చదరపు మీటరుకు 50 నుంచి 100 వాట్ల దాకా వేడి ఆకాశానికి పోతుంది. తెల్లారేసరికి కప్పు మళ్లీ చల్లబడి కొత్త ఎండకు సిద్ధం. పగలు ఇంట్లో, రాత్రి మిద్దె మీద అన్న దినచర్య ఇంటి డిజైనులో భాగమే. మనం ఆ దినచర్య వదిలేసి, రాత్రి కిటికీలు బిగించుకుని లోపల పడుకుంటూ, మందపాటి గోడ ఒక్కటే చల్లదనం ఇస్తుందనుకుంటే నిరాశే మిగులుతుంది.

మూయడం, తెరవడం

పగలు 39, రాత్రి 26 ఉన్న ఊళ్లో తలుపులు మూసిన మట్టి ఇల్లు రెంటికీ నడుమ 32, 33 దగ్గర నిలబడుతుంది. అంతకన్నా దిగాలంటే రాత్రి గాలి గోడలను కడగాలి. మిద్దెకు గవాక్షి పెట్టింది ఇందుకే. వంటింటి మీదో, పడసాల మీదో కప్పులో జానెడంత కంత. వాన వస్తే మూసేందుకు పైన బండ పలకో, మూతో. పగలు దాంట్లోంచి వెలుతురు పడుతుంది, పొయ్యి పొగ పోతుంది. వేడెక్కిన గాలి తేలికై పైకి లేచి గవాక్షిలోంచి బయటపడుతుంటే, కింద తలుపు సందుల్లోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. బయట చల్లగా ఉన్న రాత్రి ఇది వరం. బయట 40 ఉన్న మధ్యాహ్నం ఇదే గాలి వడగాలి.

కాబట్టి ఇక్కడి సూత్రం సులువు. పొద్దున ఎనిమిదికల్లా కిటికీలు మూయాలి, పొద్దు గుంకి బయటి గాలి లోపలి గాలికన్నా చల్లబడ్డాక తెరవాలి. ‘గాలీ వెలుతురూ బాగా రావాలి’ అని పెద్దపెద్ద అద్దాల కిటికీలు పడమటికి పెట్టించి, పగలంతా తెరిచి ఉంచితే కొలిమి గాలిని ఇంట్లోకి పిలిచినట్టే. రాత్రి తెరిచి ఉంచడానికి ధైర్యం కావాలంటే బలమైన గ్రిల్లు, దోమల జాలీ కావాలి. చల్లని ఇంటికి ఏసీ కన్నా ముందు కొనాల్సిన సామాన్లలో ఈ రెండూ ఉన్నాయి. ఫ్యాను గాలి సెకనుకు ఒక మీటరు వేగంతో వంటికి తగిలితే రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టు అనిపిస్తుంది, గాలి 35 దాటనంత వరకు.

మగ్గం గుంత చెప్పే పాఠం

ధర్మవరంలో ఇల్లంటే మగ్గానికి కూడా ఇల్లే. గుంత మగ్గం మీద నేతగాడు నేలమట్టాన కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి తొక్కుడు పలకలు తొక్కుతాడు. వేడిని గురించి ఆ గుంత ఒక సంగతి చెబుతుంది. పగటి వేడి నేలలోకి దిగేది కొద్ది అంగుళాలే. రెండడుగుల లోతుకు పగలూ రాత్రీ తేడా ఇంచుమించు చెరిగిపోతుంది. మిగిలేది రుతువుల తేడా ఒక్కటే. అందుకే మే మధ్యాహ్నం గుంతలోని కాళ్లకు గది గాలికన్నా చల్లన తగులుతుంది. పైగా నేల చెమ్మ అక్కడ గాలిని కాస్త తడిగా ఉంచుతుంది.

ఆ చెమ్మ మనిషికన్నా పట్టుకు ఎక్కువ అవసరం. మామూలు వాతావరణంలో పట్టు పోగు తన బరువులో 11 శాతం దాకా తేమను పట్టి ఉంచుకుంటుంది. గాలి మరీ పొడిబారితే పోగు బిరుసెక్కి పుటుక్కున తెగుతుంది. రేకులో, శ్లాబో నెత్తిన పెట్టుకుని, సిమెంటు గచ్చు మీద మగ్గం నడిపితే గది వేడెక్కడం ఒక బాధ, పోగు తెగడం ఇంకో బాధ. వానాకాలంలో గుంతలో నీరు ఊరితే మగ్గం ఆగిపోవడమూ నిజమే. మగ్గం ఉన్న ఇంటికి అడుగు మట్టం ఎత్తు పెంచి, గుంతకు తడి చేరకుండా రాతి కట్టు కట్టి, పై కప్పుకు వేడి అడ్డు పెట్టడం మూడూ కలిపి ఆలోచించాల్సిన పని. నేసినంతకే కూలీ గిట్టే వృత్తిలో చల్లని కప్పు సుఖానికే పరిమితం కాదు, రోజుకు ఎన్ని గంటలు నేయగలరన్న లెక్కకూ ముడిపడి ఉంది.

నీళ్లు ఎంత వరకు?

ఒక లీటరు నీరు ఆవిరవుతూ దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. కరెంటు లెక్కలో అది యూనిట్లో మూడింట రెండు వంతులు. వాకిట కల్లాపి, కిటికీకి తడిపిన గోనెపట్టా, కుండలో నీరు అన్నీ దీని మీదే నడుస్తాయి. 40 డిగ్రీల వేడిలో గాలి తేమ 25 శాతమే ఉన్న ధర్మవరంలో తడి గుడ్డ 24 డిగ్రీల దాకా చల్లబడగలదు. 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న కోస్తా ఊళ్లో అదే గుడ్డ 30 దగ్గర ఆగిపోతుంది. ఎయిర్ కూలర్ రాయలసీమలో పనిచేసినంతగా కోస్తాలో పనిచేయకపోవడానికి ఇదే కారణం.

అయితే నీరు బాగా పనిచేసే చోటే నీటికి కరువు. బోర్లు అడుగంటే ఊళ్లో ఇంటి చల్లదనాన్ని నీటి మీద నిలబెట్టడం తెలివైన పని కాదు. అదే నీరు పడమటి గోడ పక్కన ఒక కానుగకో వేపకో పోస్తే చెట్టు ఆకులు ఆవిరి వదులుతాయి, గోడకు నీడా ఇస్తాయి. వేళ్లు ఊనాక పోయనక్కర్లేదు కూడా.

మిద్దె ఎందుకు పోయింది?

పాత ఇంటిని పొగడటం తేలిక, దాంట్లో కాపురం కష్టం. అడుగు మందం మట్టి చదరపు మీటరుకు ఐదు వందల కిలోల దాకా తూగుతుంది. ఐదంగుళాల శ్లాబు బరువు మూడు వందల కిలోల దరిదాపే. ఏటేటా పోసే చౌడు ఆ బరువును పెంచుకుంటూ పోతుంది. దూలానికి చెద పట్టినా, జడివాన నాలుగు రోజులు విడవకున్నా మిద్దె కూలుతుంది. పుల్లల సందుల్లో తేళ్లు, పైనుంచి రాలే మట్టి, గదుల్లో చీకటి సరేసరి. చౌడు మోసే చాకిరీ చాలావరకు ఆడవాళ్ల నెత్తిన పడింది. శ్లాబు ఇల్లు వచ్చాక మళ్లీ మిద్దె వైపు ఎవరూ చూడలేదంటే అందులో తప్పు పట్టడానికేం లేదు. మిద్దె నుంచి తీసుకోవాల్సింది దాని ఆకారం కాదు, అది చేసిన పని.

ఆ పనిని కొత్త సామగ్రితో చేయించే ప్రయత్నాలు దగ్గర్లోనే జరిగాయి. బెంగళూరు ఐఐఎస్‌సీలో 1974లో అమూల్య కుమార్ ఎన్. రెడ్డి చొరవతో ‘ఆస్ట్రా’ అనే గ్రామీణ సాంకేతిక కేంద్రం మొదలైంది. అక్కడ కె.ఎస్. జగదీశ్ బృందం మట్టిలో కాస్త సిమెంటు కలిపి, చేతి యంత్రంతో అదిమి తీసే మట్టి దిమ్మెల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. బట్టీ అక్కర్లేదు, కట్టెలూ బొగ్గూ అక్కర్లేదు, వానకు కరగవు. కేరళలో లారీ బేకర్ శ్లాబు అడుగు భాగంలో కాంక్రీటు బదులు పెంకులు కూర్చే పద్ధతిని ప్రచారం చేశాడు. శ్లాబు దిగువ భాగంలో లాగుడును మోసేది ఇనుమే, కాంక్రీటుకు పెద్దగా పని లేదు. ఆ జాగాలో పెంకులు పెడితే సిమెంటు ఆదా, గాలి పొర వల్ల వేడీ తగ్గుతుంది.

సెంటు జాగాలో

ఇప్పుడు ఇల్లు కట్టేవాళ్లలో చాలామందికి ఉన్నది సెంటు, సెంటున్నర. ప్రభుత్వ పథకం కింద 2020లో మొదలైన పంపిణీలో పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు, ఇల్లు 340 చదరపు అడుగులు. ఆ కొలతలో 17 అడుగులకు 20 అడుగుల ఇల్లు అనుకుని రెండడుగుల గోడలు లేపితే లోపల మిగిలేది 208 చదరపు అడుగులు. గోడలే 132 తినేస్తాయి. తొమ్మిదంగుళాల గోడలైతే 287 మిగులుతుంది. అందులో మండువాకు చోటు లేదు. కప్పు మాత్రం ప్రతి ఇంటికీ ఉంది.

అందుకే ఖర్చు పెట్టే వరస ఇలా ఉండాలి. మొదటిది తెలుపు. మాసిన శ్లాబు తన మీద పడ్డ ఎండలో డెబ్బై శాతం దాకా మింగేస్తుంది. తాజా తెల్ల సున్నం డెబ్బై శాతానికి పైగా తిప్పికొడుతుంది. మార్చిలో ఒక పూట పని, కొద్దిపాటి ఖర్చు. జిగురు కలిపితే ఆ వేసవి నిలుస్తుంది, దుమ్ము పడితే పట్టు తగ్గుతుంది కాబట్టి మళ్లీ ఏడాది మళ్లీ పూయాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో 2028 దాకా అమలయ్యేలా చల్లని కప్పుల విధానం తెచ్చింది ఈ ఒక్క సూత్రం మీదే. రెండోది శ్లాబు మీద పొర: బోర్లించిన మట్టి కుండల మీద సున్నపు గచ్చు, లేదా సున్నంతో కలిపిన ఇటుక ముక్కలు, ఆపైన తెల్ల పెంకు. ఎండను తిప్పికొట్టడం ముందు, ఆపడం తర్వాత. ఈ క్రమం తారుమారైతే పొర తాగిన వేడి రాత్రికి దిగుతుంది. మూడోది నీడ. చిక్కుడు పందిరి అయినా సరే, 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద పెట్టించుకునే సౌరఫలకాలైనా సరే, కప్పుకు అడుగు ఎత్తున ఉండి కింద గాలి ఆడితే చాలు. ఆ తర్వాతే పడమటి గోడ. మెట్లూ స్నానాల గదీ అటు జరిపితే పడగ్గదికి ఎండ తగలదు. దక్షిణానికి చిన్న సజ్జా చాలు. అన్నీ అయ్యాక డబ్బు మిగిలితే గోడ మందం పెంచుకోవచ్చు.

బేల్దారితో ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు చదరపు అడుగుకు ఎంత, ఏ బ్రాండు సిమెంటు అని అందరం అడుగుతాం. శ్లాబు మీద ఏం పరుస్తావు, దానికి ఎంతవుతుంది అన్నది కూడా ఆ కాగితం మీద రాయించుకోవాలి. రాయించకపోయినా ఆ ఖర్చు తప్పదు. ప్రతి వేసవీ కరెంటు బిల్లులో కట్టుకుంటూ పోవాలి.